పాటిమన్ను బండ్లు, పాత పట్నాలు

వైశాఖం ముదిరి చేలు నెర్రెలిచ్చిన రోజుల్లో కృష్ణా, గుంటూరు జిల్లాల పుంతల్లో పాటిమన్ను బండ్లు వరసగా సాగిన కాలం ఒకటుంది. తెల్లారకముందే దిబ్బ దగ్గరికి చేరేవారు. పలుగుతో నిలువుగా కోసి, పారలతో బండికెత్తి, ఎండెక్కేలోగా చేలో కుప్పలు పోసేవారు. తొలకరికి ముందు ఆ కుప్పలు చిమ్మి దున్నేవారు. రసాయన ఎరువుల బస్తా ఇంటింటికీ రాని రోజుల్లో అంతకు మించిన సత్తువ ఇంకొకటి లేదు.

ఆ మన్ను రంగే వేరు. బూడిద కలిసిన గోధుమరంగులో ఉండి, పిడికిట్లో పట్టి వదిలితే పొడిపొడిగా రాలిపోతుంది. రాలకేం చేస్తుంది? పొయ్యిలోంచి ఎత్తిపోసిన బూడిద, పేడ, ఎముకలు, ఇంటి చెత్త వందల ఏళ్ల పాటు ఒకే చోట మగ్గితే తయారైన మన్ను అది. భాస్వరం దండిగా ఉంటుంది. ఊరు లేచిపోయి పాడుపడ్డ చోటు ‘పాడు’. దాని మీద మన్ను ‘పాటి’మన్ను. నాడు నాటి అయినట్టే పాడు పాటి అయింది. తెలంగాణలో అదే పాటిగడ్డ. పేరులోనే అంతా చెప్పేశారు పెద్దవాళ్లు. ఇక్కడ ఒక ఊరు ఉండేదని అందరికీ తెలుసు. అది ఎంత పెద్ద ఊరో, ఎన్నాళ్ల నాటిదో మాత్రం ఎవరూ అడగలేదు.

బండిలోంచి చేలో పడ్డ మన్నులో ఏరినకొద్దీ దొరికేవి. లోపల నలుపు, బయట ఎరుపు ఉన్న కుండపెంకులు, శంఖం గాజుల ముక్కలు, రాతిపూసలు, ఎప్పుడైనా ఒక సీసపు బిళ్ల. పెంకుల్ని గట్టు మీదికి విసిరేసేవారు. పూసలు పిల్లల మొలతాళ్లకు ఎక్కేవి. ఆ నలుపు, ఎరుపు కుండలు రంగు పూసినవి కావు. కుండను బోర్లించి కాల్చినప్పుడు గాలి ఆడని లోపలి వైపూ అంచూ నల్లబడతాయి, మంటా గాలీ తగిలిన బయటి వైపు ఎర్రగా తేలుతుంది. రాక్షసగుళ్లని మనవాళ్లు పిలిచే పెద్దరాళ్ల సమాధుల్లో దొరికేవీ ఇవే. శాతవాహనుల కాలానికి ఆ పెంకుల పక్కనే చాలా పల్చటి, నున్నటి బూడిదరంగు పళ్లేల ముక్కలు కనిపిస్తాయి. పళ్లెం అడుగున చిన్న చిన్న గాట్లతో వలయాలు ఉంటాయి. ఆ గాట్ల ముక్క ఒక్కటి కనబడితే చాలు, ఆ ఊరికి ఓడల వ్యాపారంతో సంబంధం ఉండే అవకాశం గట్టిగా ఉందన్నమాట.

ఇక్కడే చాలామంది పొరపడతారు. చేలో పెంకులు కనబడగానే కింద పట్నం ఉందనుకుంటారు. ఆ పెంకులు నాలుగు మైళ్ల అవతలి దిబ్బ నుంచి ఎరువుతోపాటు బండెక్కి వచ్చినవి కావచ్చు. అలా వచ్చినవైతే చిన్నచిన్నగా, అంచులు అరిగి, చేనంతా పల్చగా చెదిరి ఉంటాయి. నిజంగా కింద ఊరుంటే పెంకులు పెద్దవిగా, పదునైన అంచులతో ఒకేచోట దట్టంగా ఉంటాయి. ఇంకా నమ్మకమైన గుర్తు కావాలంటే కాలువ గట్టు తెగిన చోటో, మన్ను తవ్వుకుపోయిన చోటో నిలువు కోత చూడాలి. బూడిద పొర, దాని మీద కొట్టిన మట్టినేల, మళ్లీ బూడిద పొర, మధ్యలో ఇటుక వరస, అదృష్టం బాగుంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన కాల్చిన మట్టి వరల బావి. కొత్త సిమెంటు వరల బావిని చూసినవాళ్లకు రెండు వేల ఏళ్ల నాటి వరల బావిని గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. పద్ధతి అదే.

ఇటుకను టేపు పెట్టి కొలవాలి. నేటి ఇటుక 9 అంగుళాలు. నాగార్జునకొండ లోయలోని ఇక్ష్వాకుల రాజధాని విజయపురి స్తూపాలకు వాడిన ఇటుక 20 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం. ఒక్కదాన్ని ఎత్తాలంటే రెండు చేతులూ కావాలి. విరిగిన చోట చూస్తే మట్టిలో కలిపిన ఊక కాలిపోయి మిగిల్చిన సన్నటి గాళ్లు కనబడతాయి. డెల్టా ఊళ్లలో పాత ఇళ్ల అరుగుల కింద, నూతి పళ్లేల దగ్గర, పశువుల కొట్టం పునాదుల్లో ఇలాంటి ఇటుకలు ఎన్నో ఉండేవి. ‘కోట ఇటుక’ అనేవాళ్లు. కోటలు కట్టిన కాలానికి అది వెయ్యేళ్ల ముందుది.

తవ్వకుండానే ఊరి వయసు పట్టించే గుర్తు ఇంకొకటుంది. ఊరి పేరు చివర చూడాలి. పాత తెలుగులో పట్నాన్ని ‘ప్రోలు’ అనేవారు. అది నాలుక మీద అరిగి వ్రోలు, వోలు, ఓలు అయింది. నిరవద్యప్రోలు నిడదవోలైంది. సనదుప్రోలు చందవోలైంది, వెలనాటి చోడుల రాజధాని అదే. వంగవోలు ఒంగోలైంది. జగ్గయ్యపేట పాత పేరు బేతవోలు. అమరావతి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తండ్రి జగ్గయ్య పేరిట జగ్గయ్యపేట అన్నారు. పేరు మారితే ఊరు కొత్తదైపోయినట్టు అనిపిస్తుంది గానీ, ఆ ఊరి స్తూపం దగ్గర దొరికిన శాసనం క్రీ.శ. 3వ శతాబ్దపు ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరం నాటిది. భట్టిప్రోలు, చేబ్రోలు మాత్రం ‘ప్రో’నో ‘బ్రో’నో వదలకుండా అట్టే పెట్టుకున్నాయి.

పాత పట్నాలు చూడాలనుకునేవాళ్లు అందరూ ముందు అమరావతి వెళతారు. మొదట వెళ్లాల్సింది భట్టిప్రోలు. అక్కడ చూడటానికి మిగిలింది తక్కువ. ఒక గుండ్రటి ఇటుక దిమ్మె, చుట్టూ గడ్డి. కానీ తెలుగు అక్షరం పుట్టుక కథ అక్కడే మొదలవుతుంది. 1892లో పురావస్తుశాఖ అధికారి అలెగ్జాండర్ రే ఆ స్తూపం నడిబొడ్డున తవ్వి, ఇటుకల మధ్య భద్రపరిచిన రాతి పెట్టెలు బయటికి తీశాడు. లోపల ధాతువులతో స్ఫటికపు భరిణె, బంగారు పూలు, పూసలు. ఆ పెట్టెల మీద అక్షరాలున్నాయి. అందులో కుబిరకుడనే రాజు పేరు ఉంది. క్రీస్తుపూర్వం 3, 2 శతాబ్దాల లిపి అది.

శాసన పండితుడు బ్యూలర్ వాటిని చదివినప్పుడు అశోకుడి శాసనాల బ్రాహ్మి లిపికీ దీనికీ తేడాలు బయటపడ్డాయి. ‘మ’ తలకిందులుగా ఉంది. ‘ళ’కు వేరే గుర్తు ఉంది. అన్నిటికంటే పెద్ద తేడా అకారం దగ్గర. అశోకుడి బ్రాహ్మిలో ఏ గుర్తూ లేని హల్లును అకారంతో కలిపి ‘క’ అని చదవాలి. భట్టిప్రోలులో ఏ గుర్తూ లేకపోతే అది ఒట్టి ‘క్’. అకారం కావాలంటే దానికీ ఒక గీత పెట్టాలి. ఎవరో లిపికారుడు కూర్చుని, ఈ పద్ధతిలో గందరగోళం ఉందని ఆలోచించి సరిచేసుకున్నట్టే ఉంటుంది. అంత ఆలోచన జరిగిన చోటు ఆ గడ్డి దిమ్మె. 19వ శతాబ్దంలో అక్కడి ఇటుకలు రోడ్డు పనికీ, రాళ్లు కాలువ పనికీ పోయాయి. రే వచ్చేసరికి మిగిలిన దాంట్లోనే ఇంత దొరికింది.

చేబ్రోలు సంగతి ఇంకా దగ్గరిది. గుంటూరు నుంచి తెనాలి దారికి కొంచెం పక్కన, వరసగా గుళ్లున్న ఊరు. కోనేటి మధ్య చతుర్ముఖ బ్రహ్మ గుడి ఒక్కటే చూసి చాలామంది వెనక్కి తిరుగుతారు. అక్కడి భీమేశ్వరాలయం దగ్గర బయటపడిన ఒక రాతి మీద బ్రాహ్మి లిపిలో సంస్కృత శాసనం ఉన్నట్టు 2019లో ప్రకటించారు. శాతవాహన రాజు విజయుడి 5వ పాలనా సంవత్సరం, అంటే క్రీ.శ. 207. కార్తికుడనే ఆయన తాంబ్రాపలో భగవతి శక్తిమాతృక గుడికి దక్షిణాన ప్రాసాదం, మండపం కట్టించి, విగ్రహం నిలిపినట్టు అందులో ఉంది. దక్షిణ భారతంలో ఇప్పటిదాకా దొరికిన సంస్కృత శాసనాల్లో ఇదే మొదటిదని పురావస్తుశాఖ చెప్పింది. తాంబ్రాప అంటే చేబ్రోలే. రాగి రంగు ఎరుపును చెప్పే ‘చెం’, దాని పక్కన ‘ప్రోలు’. పద్దెనిమిది వందల ఏళ్లుగా అదే ఊరు, అదే పేరు.

అలాంటి రాయి నుంచి అక్షరాలు కాగితం మీదికి ఎలా వస్తాయో ఒకసారి చూసినవాళ్లు మరిచిపోరు. ముందు రాయిని నీళ్లతో, గట్టి కుచ్చు బ్రష్షుతో కడగాలి. అక్షరాల గాళ్లలో మట్టి ఉంటే పుల్లతో తీయాలి, ఇనుప మొన తగలనివ్వకూడదు. జిగురు లేని కాగితాన్ని తడిపి రాతి మీద పరచి, మధ్య నుంచి అంచుల వైపు గాలి పోయేలా నొక్కాలి. తర్వాత బ్రష్షును నిటారుగా పట్టుకుని, కాగితం ప్రతి గాడిలోకీ దిగేదాకా సమంగా కొట్టాలి. కాగితం ఎక్కడైనా చిరిగితే అదే కాగితం ముక్క తడిపి పైన అతికిస్తారు. తడి ఆరీ ఆరనట్టు ఉన్నప్పుడు సిరా దిండుతో మెల్లగా అద్దాలి. గాళ్లలోకి దిగిన అక్షరం తెల్లగా మిగిలిపోతుంది, చుట్టూ నల్లబడుతుంది. అంతా ఆ అద్దే వేళలోనే ఉంది. తొందరపడితే సిరా తడిలో అలుముకుని అక్షరం మాసిపోతుంది. ఆలస్యం చేస్తే కాగితం బిగుసుకుని గాడిలోంచి పైకి లేస్తుంది. వడగాలి వేళ అసలు మొదలుపెట్టకూడదు, ఒక అంచు ఆరేసరికి రెండో అంచు ఇంకా తడిగానే ఉంటుంది. రక్షిత కట్టడాల్లో ఈ పని అనుమతి లేకుండా చేయకూడదు. మామూలుగా చదువుకోవడానికి టార్చి చాలు. పొద్దుగూకాక రాయికి పక్కగా, దాదాపు ఆనించినట్టు పట్టుకుని వెలుతురు వేస్తే అరిగిన అక్షరం కూడా నీడతో లేచి కనబడుతుంది. సుద్ద, పిండి రుద్దడం మాత్రం వద్దు. గాళ్లలో పేరుకుని, తడి పట్టి, రాతి పైపొరను లేపేస్తాయి. ఎనామిల్ రంగు వేసిన శాసనమైతే ఇక ఆశ వదులుకోవలసిందే. గుళ్ల జీర్ణోద్ధరణలో ఎన్ని రాళ్లు అలా రంగు కింద కన్నుమూశాయో తలచుకుంటే కడుపు రగిలిపోతుంది.

అమరావతి అసలు పట్నం కాదు. అసలు పట్నం పక్కనున్న ధరణికోట, శాసనాల్లోని ధంఞకడ, ధాన్యకటకం. వెంకటాద్రి నాయుడు 1796లో అమరేశ్వరుడి గుడి చుట్టూ కొత్త ఊరు కట్టించడం మొదలుపెట్టినప్పుడు ఇటుకా రాయీ కోసం పక్కనున్న దీపాలదిన్నెను తవ్వారు. చెక్కిన రాళ్లు బయటపడ్డాయి. ఆ దిన్నె పాత బౌద్ధ స్తూపం. ఆ మాట విని ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ వచ్చాడు, తిరిగి 1816 తర్వాత మనుషుల్ని పెట్టి బొమ్మలు గీయించాడు. ఆ రెండు రాకల మధ్య దిన్నె నడిమి భాగం చాలావరకు పోయింది. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వి రాళ్లను మద్రాసు పంపాడు. అక్కడ అవి ఏళ్ల తరబడి ఎండా వానల్లో పడి ఉండి, 1859లో ఓడెక్కి లండన్ చేరాయి. 1880లో దిన్నెను ఏకంగా దులిపేశారు. తర్వాత బర్జెస్ వచ్చి చూస్తే మిగిలింది పెద్ద గొయ్యి. స్తూపం లోపల ఇటుక కట్టు ఎలా ఉండేదో చెప్పే ఆధారం ఆ గొయ్యితోనే పోయింది.

ఆ శిల్పాల రాయిని అందరూ పాలరాయి అంటారు గానీ అది పలనాటి సున్నపురాయి. పచ్చ ఛాయ కలిసిన తెలుపు. ఉలికి వెన్నలా లొంగుతుంది, అందుకే ఆ శిల్పాల్లో వేలి గోరు, నడుము మడత కూడా పలుకుతాయి. దాని చేటు కూడా ఆ మెతకదనంలోనే ఉంది. వాన నీరు సున్నపురాతిని కరిగిస్తుంది, ఎండకు పొరలు లేస్తాయి. అన్నిటికీ మించి, కాల్చితే సున్నమవుతుంది. ఎన్నో శిల్పాలు బట్టీలకెక్కి గానుగ సున్నమై గోడల్లో కలిసిపోయాయి.

స్తూపం అడ్డం దాదాపు 160 అడుగులు. చుట్టూ ప్రదక్షిణ పథం, దాని బయట రాతి ప్రాకారం. 9 అడుగుల స్తంభాలకు పక్కల కంటి ఆకారంలో గుంటలు తీసి, రెండు స్తంభాల మధ్య మూడేసి అడ్డరాళ్లు దూర్చారు. వాటిని సూచులంటారు. పైన ఉష్ణీషం అనే బరువైన దిమ్మెలు పరిచి బిగించారు. సున్నం అక్కర్లేదు, కర్రకంచె కట్టే వడ్రంగి పద్ధతినే రాతిలో చేశారు. నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చిన వేదిక మీద ఐదేసి ఆయక స్తంభాలు. బుద్ధుడి పుట్టుక, ఇల్లు విడవడం, జ్ఞానోదయం, తొలి బోధ, నిర్యాణం, ఒక్కో ఘట్టానికి ఒక్కటి. ఐదు స్తంభాల ఈ కట్టు కృష్ణా లోయ ప్రత్యేకత, సాంచీలో కనబడదు.

లండన్ చేరిన పలకల్లో ఒకటుంది. ఒక పక్క బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం. రెండో పక్క ఆడంబరంగా చెక్కిన స్తూపం. మొదటి పక్క క్రీస్తుపూర్వం 1వ శతాబ్దం నాటిది, రెండోది క్రీ.శ. 3వ శతాబ్దం నాటిది. మూడు వందల ఏళ్ల తర్వాత పాత పలకను తిప్పి, వెనక వైపు కొత్తగా చెక్కి మళ్లీ నిలబెట్టారు. రాయిని వృథా చేయని శిల్పులు వాళ్లు. ఇంకో పలక మీద పూర్ణఘటం ఉంది. నాగుడనే ఉపాధ్యాయుడి కొడుకు, చర్మకారుడు విధికుడు, తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, పిల్లలతో కలిసి ఇచ్చిన కానుక అని దాని మీద రాసి ఉంది. ఈనాడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ చిహ్నంలో ఉన్న పూర్ణఘటం ఈ అమరావతి శిల్పాల ఒరవడిదే. ఒక శాసనంలోని ‘నాగబు’ అన్న మాటను వేటూరి ప్రభాకరశాస్త్రి తొలి తెలుగు పదంగా చూపించారు.

బౌద్ధం అక్కడ త్వరగా అంతరించిందనుకోవడం కూడా పొరపాటు. శ్రీలంకలోని గడలదెణియ శాసనం, 1344 నాటిది, ధాన్యకటకంలో రెండంతస్తుల ప్రతిమాగృహాన్ని ఒక సింహళ భిక్షువు బాగు చేయించినట్టు చెబుతుంది.

విజయపురిని తలచుకోకుండా ఈ మాటలు ముగియవు. మాచర్ల నుంచి బండిబాటలో కొండలు దాటితే కృష్ణ ఒడ్డున చుట్టూ కొండలతో గిన్నెలాంటి లోయ, అందులో పుల్లారెడ్డిగూడెం అనే పల్లె ఉండేవి. 1926లో రంగస్వామి సరస్వతి అక్కడి శాసన స్తంభాలను గుర్తించారు. 1927 నుంచి లాంగ్‌హర్స్ట్ తవ్వాడు. మహాచైత్యం అనే పెద్ద స్తూపం పునాది బండిచక్రంలా ఉంది. అడ్డం 106 అడుగులు, మధ్యలో ఇరుసు, ఆకులు, వాటి నడుమ మట్టి నింపారు. మొత్తం ఇటుకతో నింపే కంటే ఖర్చు తక్కువ, బరువు అన్ని వైపులా సమంగా దిగుతుంది. ఆ గదుల్లో ఒకదాంట్లో చితికిన మట్టికుండ, అందులో రెండున్నర అంగుళాల వెండి స్తూపం, అందులో ముప్పాతిక అంగుళం బంగారు భరిణె, అందులో చిన్న ఎముక ముక్క. చుట్టూ ముత్యాలు, బంగారు పూలు. కట్టించింది వీరపురుషదత్తుడి మేనత్త చాంతిశ్రీ.

1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు పునాదిరాయి పడింది. 1954 నుంచి 1960 దాకా పురావస్తుశాఖ సుబ్రహ్మణ్యంగారి బృందం నీటితో పందెం వేసినట్టు లోయంతా తవ్వింది. కోటగోడ, అశ్వమేధ స్థలం, స్నానఘట్టం, నాలుగు వైపులా మెట్లున్న రంగస్థలం. రాయి రాయికీ లెక్క పెట్టుకుని తొమ్మిది కట్టడాలను కొండమీదికి తరలించారు. పద్నాలుగింటికి నమూనాలు కట్టారు. ఇప్పుడు కొండ దీవి, మ్యూజియం దాని మీద, లాంచీలో వెళ్లాలి. శుక్రవారం మ్యూజియం సెలవు, గాలి ఎక్కువైతే లాంచీ ఆపేస్తారు, ఉదయం మొదటి లాంచీకి వెళ్లడమే మేలు. కట్టడాలు బతికాయి, మెచ్చుకోవలసిందే. వీధులు మాత్రం పైకి రాలేదు. ఏ ఇంటి ముందు ఏ విహారం ఉందో, ఏ సందు నదికి దిగేదో ఆ కొలతలన్నీ కాగితాల్లోనే ఉన్నాయి.

ఆ లోయలో బోధిశ్రీ అనే ఉపాసిక వేయించిన శాసనం ఉంది. తను ఎక్కడెక్కడ ఏమేం కట్టించిందో చెబుతూ, కంటకసెలలో మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర రాతిమండపం కట్టించానంటుంది. ఆ కంటకసెలే ఘంటసాల. పాతకాలపు గ్రీకు భూగోళవేత్త టాలెమీ కంటకోస్సిల అని రాసుకున్న ఓడరేవు. ఇప్పుడు ఘంటసాల నుంచి సముద్రం మైళ్ల దూరం. కృష్ణ ఏటా తెచ్చి పోసే ఒండ్రుకు తీరం ముందుకు జరిగింది, రేవులూ దాంతోపాటే ఒకదాని తర్వాత ఒకటి జరిగాయి.

దక్షిణాన మోటుపల్లిలో 1244-45లో కాకతి గణపతిదేవుడు అభయశాసనం వేయించాడు. తుఫానుకు దారితప్పి తీరం చేరిన ఓడల సరకంతా అంతకుముందు రాజులు లాగేసుకునేవారట. తాను క్లుప్తశుల్కం అనే నిర్ణీత సుంకం తప్ప ఏమీ తీసుకోనని, అది ముప్పైకి ఒక వంతని రాయించాడు. ఆ రేవునే మార్కోపోలో ముట్ఫిలి అన్నాడు, అక్కడి బట్టల్ని సాలెగూడుతో పోల్చాడు. ఇప్పుడు అక్కడ గుడి, శాసన స్తంభం, ఇసుక.

ఆ వరసలో చివరిది బందరు. ఇంగ్లీషువాళ్లు 1611లో గ్లోబ్ ఓడ మీద వచ్చారు, డచ్చివాళ్లు అంతకు ముందే దిగారు. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన దాదాపు 30 వేల ప్రాణాలు తీసింది. రేవు మళ్లీ ఆ వైభవం చూడలేదు. డచ్చి సమాధుల రాళ్ల మీద వంశచిహ్నాలు ఇంకా చదవొచ్చు. హాలండువాళ్లను మనవాళ్లు వలందులన్నారు, వలందపాలెం ఉంది. ఇంగ్లీషుపాలెం ఉంది. ఫ్రెంచివాళ్లు పరాసులు. వాళ్ల చిన్న పేట ఒకటి స్వాతంత్ర్యం వచ్చాక కూడా కొన్ని వారాలు వాళ్ల కిందే ఉండి, 1947 అక్టోబరులో మనకు దక్కింది. ఫ్రెంచి జెండా దిగి ఇన్నేళ్లయినా ఉత్తరాల మీద చిరునామా ఇప్పటికీ పరాసుపేటే.